కెంచనగుడ్డ ఏటి పుస్తకం

మా ముత్తాత ఒక పుస్తకం రాశాడు. హంపి దగ్గర బయలుదేరి, తుంగభద్ర కృష్ణలో కలిసే దాకా ఎడ్లబండి మీద, గుండ్రటి తోలు పుట్టిలో, కాలినడకన వెళ్ళి వచ్చి, ఆ ప్రయాణాన్ని తన ఖర్చుతో అచ్చు వేయించాడు. దారిలో తనకు అన్నం పెట్టిన ప్రతి ఇంటికీ ఒక ప్రతి పంపాడు. అమ్మకానికి పెట్టలేదు. పత్తి అమ్ముకునేవాళ్ళం, పుస్తకాలు కూడా అమ్ముతామా అనేవాడట.

బళ్ళారి బజారులో మా ఇంటి మేడ మీద ఆయన పుస్తకాల గది ఉండేది. మూడు బీరువాలు. ఒకదానిలో నదుల గురించినవి, ఒకదానిలో యాత్రల గురించినవి, మూడవదానిలో జాతకాలు, శకునాలు, గ్రహగతుల గురించినవి. ఈ మూడూ ఒకే శాస్త్రమని ఆయన నమ్మకం. నాకు ఊహ తెలిసేనాటికి బీరువాలు ఉన్నాయి, నమ్మకం లేదు. నేను కాలేజీలో ఉండగా బీరువాలూ పోయాయి. పుస్తకాలు గోతాల్లో పాత కాగితాల అంగడికి వెళ్ళాయి. వాటితో పాటు ఆయన రాసిన పుస్తకం మిగిలిన ప్రతులూ వెళ్ళాయి. ఎవరి దగ్గరా ఒక్కటి కూడా లేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

బళ్ళారి

సంగతి చెప్పినవారు ప్రభుదాసు గారు. పాత మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగి, ఆరోగ్య శాఖలో తాలూకాలన్నీ తిరిగి రిటైరైన మనిషి. ఒకరోజు నేను లెక్కలు రాసే, జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్డుకు వచ్చారు. ఆ షెడ్డు ఒకప్పుడు మా జిన్నింగు మిల్లు. ఆ సంగతి నేను అక్కడ ఎవరికీ చెప్పలేదు. అడిగినవారూ లేరు.

"ఏమప్పా శెట్టీ, మీ ముత్తాత సిరుగుప్ప పక్క కెంచనగుడ్డలో ఉండాడు, తెల్సునా?" అన్నారు.

ఏమిటని అడిగాను.

"పుస్తకమప్పా. మావాళ్ళు బైబిలు తెరిచి వాక్యం చూసుకున్నట్ల, ఆడ మీ ముత్తాతను తెరిచి చూసుకుంటాండారు. ఊరు పోవల్లన్నా, కోర్టుకు పోవల్లన్నా, ఆపరేషన్‌కు పోవల్లన్నా, ముందు ఆయప్పను అడగల్ల. ఏటి పుస్తకం అంటారు."

నాకు నవ్వు రాలేదు. మా ముత్తాత లెక్కల మనిషి.

"చదివేటాయన పోయినాడంట. ఇంగ ఇంట్లో తెలుగు చదివేవాళ్ళు లేరు. ఈ కార్తీక పున్నానికి ఏటికి ఇచ్చేస్తారంట. పోతే బేగ పో."

పాత పుస్తకాన్ని కాల్చకూడదు, తూకానికి వేయకూడదు, పారే నీటికి ఇవ్వాలని మనలో చాలామందికి తెలుసు. ఆ ఇంట్లో దానికి ఇంకో మెలిక ఉందట. చదివేవాడు లేని పుస్తకం ఇంట్లో ఉండకూడదు. పున్నమి నాలుగు రోజుల్లో ఉంది. నేను సెలవు అడిగాను. కారణం అడిగితే సొంత పని అన్నాను.

తెక్కలకోట దారిలో

బస్సు నిండా ఆడవాళ్ళు. కర్ణాటకలో ఆడవాళ్ళకు సర్కారు బస్సులో టికెట్టు లేదు కాబట్టి, చెల్లెల్ని చూడడానికీ, చింతపండు కొనడానికీ, ఊరికే చల్లగాలికీ కూడా బస్సెక్కుతున్నారు. నా పక్కన కూర్చున్న ఆమె ఒడిలో ఒక కోడిపుంజు ఉంది. కండక్టరు నాకు టికెట్టు కొట్టి ఆమెకు సున్నా టికెట్టు ఇచ్చాడు. ఆమె దాన్ని నా ముందు ఆడించింది.

"చూసినావా అప్పా, మేము రాణులం. నువ్వు రొక్కం కట్టల్ల."

"కోడికి?" అన్నాను.

"పుంజు గదా, మొగోడే. దానికి కట్టమన్నాడు ఈ కండక్టరు. నేను కట్టలే. సుమ్నే, ఊరికే, దుప్పటి కప్పినా."

దుప్పటి కింద పుంజు తెక్కలకోట దాకా మర్యాదగానే ఉంది. అక్కడ దిగేటప్పుడు ఆమె దుప్పటి తీయగానే కూసింది. కండక్టరు తల పట్టుకున్నాడు. బస్సంతా నవ్వింది. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

తెక్కలకోటలో బస్సు చాలాసేపు నిలిచింది. బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. ప్లేటు నలభై రూపాయలు. బొరుగులు నానబెట్టి, పిండి, తాలింపు పెట్టి, పుట్నాల పొడి చల్లే ఈ ఉగ్గానిని బళ్ళారిలో కాస్త పులుపుగా చేస్తాము. ఇక్కడ పులుపు తక్కువ, ఉల్లిపాయ ఎక్కువ. బజ్జీలో మిరపకాయ మాత్రం రెండు చోట్లా ఒకే విధంగా శిక్షిస్తుంది.

సిరుగుప్ప

సిరుగుప్పలో దిగితే ముక్కుకు ముందు తగిలేది ఉడికిన వడ్ల వాసన. చుట్టూ బియ్యం మిల్లులు. మా వైపు మెట్ట పొలాల్లో జొన్న, పత్తి చూసిన కంటికి ఇక్కడి వరి పచ్చదనం కొంచెం ఆడంబరంగా కనిపిస్తుంది. ఏరు దగ్గరగా ఉన్నవాళ్ళ ధీమా వేరు. అంగళ్ళ మీద బోర్డులన్నీ కన్నడలో ఉంటాయి. లోపల బేరాలు తెలుగులో, కన్నడలో, మధ్యమధ్య ఉర్దూలో సాగుతాయి. ఒక్క మాటలో మూడు భాషలు దాటేవాణ్ణి ఇక్కడ ఎవరూ పండితుడనరు.

ఖాళీ చేతులతో వెళ్ళకూడదని తమలపాకులు కొన్నాను. అంగడివాడు అడిగాడు: "కెంచనగుడ్డకా? ఏటి పుస్తకానికా?"

ఎలా తెలిసిందన్నాను.

"బట్టలు ఇస్త్రీ చేసుకొని, తమలపాకులు కొనుక్కొని, మొగం ముడుచుకొని పోయేటోళ్ళంతా ఆడికే. చదివేటాయన లేడు ఇప్పుడు, సుమ్నే పోతాండావు."

అక్కడి నుంచి షేర్ ఆటో.

కెంచనగుడ్డ

ఊరి పక్కనే తుంగభద్ర. వానలు తగ్గి, నీళ్ళు బండల మధ్య పాయలుగా వెళ్తున్నాయి. ఎవరింటికైనా వెళ్ళే ముందు కాళ్ళు కడుక్కోవడం మా ఇంటి అలవాటు. రేవులో దిగాను. పైకి గట్టిగా కనిపించిన ఒండ్రు లోపల మెత్తగా ఉంది. మోకాళ్ళ దాకా దిగబడి, ఒక చెయ్యి ఆనించబోయి, నడుము దాకా పడ్డాను. గంజి పెట్టిన పంచె పని అయిపోయింది. బట్టలు ఉతుకుతున్న ఇద్దరు ఆడవాళ్ళు లేపారు. అందులో పెద్దామె "కాళ్ళు కడుక్కుందామని స్నానం చేసినావే అప్పా" అంది. చిన్నామె నా తమలపాకులు ఏరి కడిగి ఇచ్చింది.

నేను అడగబోతున్న ఇల్లు వాళ్ళదే. పెద్దామె ఈరమ్మ. పుస్తకం ఆమె అధీనంలో ఉంది. పోయిన వానాకాలంలో చనిపోయిన చదివేటాయన ఆమె మరిది. చిన్నామె ఆమె కోడలు పార్వతి. పార్వతి మొగుడు బియ్యం లారీ తోలుతాడు, ఆ వారం ఊళ్ళో లేడు. అతని గళ్ళ లుంగీ నాకు కట్టుకోవడానికి ఇచ్చారు. బళ్ళారిలో మా వీధి వాళ్ళెవరూ నన్ను లుంగీలో చూసి ఉండరు.

లుంగీలో కూర్చుని నేను ఎవరో చెప్పాను. పుస్తకం రాసినాయన మా ముత్తాత అనీ, మా వంశంలో మిగిలింది నేననీ చెప్పాను.

"అట్లనా," అంది ఈరమ్మ. "ఊట అయిందా?"

భోజనం కాలేదన్నాను. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, గురెళ్ళ పొడి పెట్టారు. నల్లటి ఆ గింజల పొడిని మా ఇంట్లో నూనె వేసి కలుపుకుంటాము. ఇక్కడ గట్టి పెరుగు వేశారు. బాగుంది. రొట్టె మాత్రం మా వైపు కంటే పలుచన. పార్వతి చేతులతో తట్టి పెనం మీద వేస్తుంటే చప్పుడు ఒకే తాళంలో వినిపించింది.

తిన్నాక వచ్చిన పని చెప్పాను. పుస్తకం నాకు ఇమ్మని అడిగాను.

"ఫోటోలు తీసుకో సార్ ఫోన్‌లో," అంది పార్వతి. "ఒగొగ పేజీ తీసుకుంటే అయిపోతాది."

"మా ఇంటి వస్తువుల ఫోటోలు మా ఇంట్లో చాలా ఉన్నాయమ్మా," అన్నాను.

ఈరమ్మ నన్ను కాసేపు చూసింది.

"ఇచ్చేకి నేనెవరప్పా? దాన్నే అడగల్ల. వస్తానంటే పిల్చుకొని పో. రానంటే పున్నానికి ఏటికి పోతాది."

అడిగే పద్ధతి

అడిగే పద్ధతి ఇది. మనసులో ప్రశ్న అనుకుని, మూసిన పుస్తకం అంచులోకి తమలపాకు తొడిమ దూర్చాలి. తొడిమ ఎక్కడ దూరిందో అక్కడ తెరవాలి. తొడిమ కొన తాకిన చోటి నుంచి వాక్యాలు చదవాలి. అర్థం ఈరమ్మ చెబుతుంది. చదివేవాడు ఆ ఇంటివాడై ఉండాలి. బయటివాళ్ళు చదివితే చెల్లదు.

ఇది ఎలా మొదలైందని అడిగాను. ఈరమ్మ మామగారి కాలంలో, ఏరు దాటి పెళ్ళికి వెళ్ళవలసిన ఒకాయన, పుట్టి కోసం కాచుకుంటూ ఊసుపోక ఈ పుస్తకం తెరిచాడట. 'ఈ దినము ప్రయాణము మానితిమి' అని కనిపించిందట. ఆయన ఆగిపోయాడు. పుట్టి బోర్లపడింది. మా ముత్తాత ఆ రోజు ప్రయాణం ఎందుకు మానాడో ఎవరూ ఆలోచించలేదు. ఆయనకు విరేచనాలు ఎక్కువని మా నాయనమ్మ చెప్పేది.

మేము మాట్లాడుతుండగా బసప్ప అనే ఆయన వచ్చాడు. యాభై దాటిన మనిషి. బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా రమ్మన్నారట. పోవాలా వద్దా అన్నది ప్రశ్న. ప్రశ్న మనసులో అనుకోవాలి గానీ ఊరందరికీ తెలుసు.

"చదివేటోడు లేడు గదా బసప్పా," అంది ఈరమ్మ. అని నా వైపు తిరిగింది. "నువ్వు చదువు శెట్టప్పా. రాసినాయన మనిషివి. నువ్వూ ఇంటోనివే."

ఇతరుల పనికి అడ్డు చెప్పడం నాకు అలవాటు లేదు. ఎర్ర గుడ్డ విప్పారు. పుస్తకం నేను అనుకున్నదాని కంటే చిన్నది. మూలలు నూనె చేతులకు నల్లబడి, మెత్తబడి ఉన్నాయి. లోపలి పేజీలో మా ముత్తాత పేరు ఉంది, ఇంటిపేరుతో సహా. ఆ పేరు అచ్చులో చూడడం నాకు అదే మొదలు. దాని మీద కుంకుమ బొట్టు.

బసప్ప తొడిమ దూర్చాడు. నేను చదివాను. "ఇచ్చట వంకాయలు మిక్కిలి లేఁతవి. కూర వండించి తృప్తిగా భుజించితిమి. రాత్రి నల్లులు నిద్రపోనీయలేదు."

ఈరమ్మ కళ్ళు మూసుకుని విని, తల ఆడించింది.

"కూడు బాగుంటాది. నిద్ర ఉండదు. వాచ్‌మన్ పనికి నిద్ర యాడుంటాది? సరిగ్గా చెప్పినాడు. పో."

"నల్లులో?" అన్నాడు బసప్ప.

"బెంగళూరులో నల్లులు లేవా ఏంది? మందు ఎత్తుకొని పో."

బసప్ప పుస్తకానికీ, ఆమెకూ, వరసలో నాకూ దండం పెట్టి వెళ్ళాడు. మా ముత్తాత వంకాయ కూర తిన్నందుకు ఒక మనిషి బెంగళూరు వెళ్తున్నాడు. జాతకాల బీరువాలోని పుస్తకాలు ఇంతకంటే బాగా చెప్పేవని నేననుకోను.

"ఇంగ నీది అడుగు," అంది ఈరమ్మ.

తొడిమ చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు తోచింది, తీర్పు చదవవలసింది నేనే. ఆ ఇంట్లో, బహుశా ఆ వీధిలో, ఆ అక్షరాలు నాకొక్కడికే వచ్చు. పేజీలో ఏమున్నా, 'బయలుదేరితిమి' అని నేను అంటే బయలుదేరినట్టే.

తొడిమ కింద పెట్టాను.

"నా వ్యాజ్యంలో తీర్పు నేనే చదవను. వేరొకరు చదవాలి."

"వేరే ఎవరుండారప్పా? చదివేవాళ్ళు లేకనే గదా ఏటికి ఇస్తాండాము."

"మీ కోడలు చదువుతుంది."

పార్వతి లోపల నుంచి తల బయటపెట్టింది. "నాకు కన్నడ వస్తాది సార్. పీయూసీ దాకా చదివినా. తెలుగు రాదు."

"రెండు రోజులు చాలు," అన్నాను.

వరండాలో బడి

బయటి వాళ్ళకు ఇది వింతగా ఉండవచ్చు. ఈ జిల్లాలో లక్షణంగా తెలుగు మాట్లాడి, తెలుగులో తిట్టి, తెలుగులో ఏడ్చి, ఒక్క తెలుగు అక్షరం చదవలేని వాళ్ళు ఇంటికొకరు ఉంటారు. బడి కన్నడలో జరుగుతుంది. పార్వతి పుట్టిల్లు సండూరు తాలూకాలో బండ్రి. అక్కడా ఇదే తీరు. కానీ కన్నడ వచ్చినవాళ్ళకు తెలుగు లిపి ఎంతో దూరం కాదు. రెండూ ఒకే ఇంట్లో పెరిగిన అక్కచెల్లెళ్ళు. పెళ్ళిళ్ళయ్యాక కట్టూ బొట్టూ మారాయి, అంతే.

పలక లేదు. పాత క్యాలెండరు వెనక వైపు రాసి చూపించాను. పార్వతి పొయ్యికీ వరండాకూ మధ్య తిరుగుతూ నేర్చుకుంది. చాలా అక్షరాలు చూడగానే పట్టేసింది. తలకట్టు తిరిగే తీరుకు కాస్త అలవాటు పడాలి. క, త, శ, హ ఆమెను ఇబ్బంది పెట్టాయి. దీర్ఘాలు ఇంకా ఎక్కువ. కన్నడలో దీర్ఘం అక్షరం పక్కన విడిగా కూర్చుంటుంది. మనకు నెత్తి మీదే తిరుగుతుంది.

"ఈ సగం సున్న ఏంది సార్?" అని అడిగింది పాత అచ్చులోని అరసున్నను చూపించి.

"అది పలకనక్కర లేదు."

"పలకంది యాలా రాసినారు?"

"అప్పటి మర్యాద."

"మా మామ కూడా అంతే," అంది ఈరమ్మ చాటలో బియ్యం చెరుగుతూ. "ఇంట్లో కూర్చునేటోడు, పలికేటోడు కాదు. అయినా లేచి నిలబడల్ల మేము."

తప్పు చదివినప్పుడు నేను ఊరుకోలేదు. మా మేష్టర్లు నాతో ఎలా ఉన్నారో అలాగే ఉన్నాను. ఒకసారి ఆమె పుస్తకం నా ముందు పెట్టి, "సార్, మాడిపోతాండాది రొట్టె, రొట్టెకు దీర్ఘం ఉండాదో లేదో తర్వాత చెప్తా" అని లోపలికి పోయింది. పరాయి మగవాడి లుంగీ కట్టుకుని, పరాయి వరండాలో, పరాయి కోడలికి మా ముత్తాత వాక్యాలు దిద్దుతూ కూర్చున్నాను. వీధిలో పోయేవాళ్ళు నిలబడి చూశారు. ఎవరో "ఏం శెట్టప్పా, ట్యూషనా? ఫీజు ఎంత?" అన్నారు.

రెండో రోజు సాయంత్రం పార్వతి ఒక పేజీ మొదటి నుంచి చివరి దాకా చదివింది. నత్తిగా, వేలు పెట్టుకుని, కానీ ఎవరి సాయమూ లేకుండా. చదివి పేజీ వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఇన్నేండ్లు మాట్లాడినా సార్," అంది. "దీని మొగం ఇప్పుడే చూస్తాండా."

ఈరమ్మ చాట పక్కన పెట్టింది.

"అయితే ఇంగ ఏటికి యాలా ఇయ్యల్ల?" అంది. "ఇంట్లో చదివేది ఉండాది గదా."

నేను ఆ మాట రాబోతోందని ముందే చూడవలసింది. చూడలేదు. చదివేవాళ్ళు లేరు కాబట్టే ఆ పుస్తకం ఇల్లు కదలబోయింది. చదివేమనిషిని నేనే తయారు చేశాను. పుస్తకం ఏటిలో పడకుండా ఆగింది. దాన్ని నేను తీసుకుపోవడానికి ఉన్న ఒకే కారణమూ దానితో పోయింది.

ఈరమ్మ నా ముఖం చూసి, "భయపడొద్దు," అంది. "అడిగినావు. మాట మాటే. పున్నం పొద్దున అడుగుదాము. ఏమంటాడో ఆయన ఇష్టం."

భయం కాదని చెప్పాను. నమ్మినట్టు లేదు.

పున్నమి పొద్దున

పొద్దున్నే ఊరి ఆడవాళ్ళు ఏటిలో దీపాలు వదిలి, తడి చీరలతో ఆ ఇంటి ముందు చేరారు. పుస్తకానికి కొత్త చదివేమనిషి వచ్చిందని అప్పటికే తెలిసిపోయింది. అందరి చేతుల్లో తమలపాకులు. ఒకామె కొడుకు చదువు గురించి, ఒకామె మోకాలి ఆపరేషన్ గురించి. పార్వతి తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ రెండు రోజుల్లో ఆమె నా ముందు కూర్చుని ఉండగా చూడడం తక్కువ. ఎప్పుడూ చేతిలో ఏదో గిన్నె ఉండేది.

ముందు నా వంతు అన్నారు. ఆరిన పంచె కట్టుకుని, తొడిమ దూర్చి, వెనక్కి జరిగాను. పేజీ నాకు కనపడని చోట నిలబడ్డాను.

పార్వతి వేలు పెట్టింది. "ఆ... యూరి... వారు... మమ్ము... పొమ్మన... లేదు." ఊపిరి తీసుకుంది. "ఉండు... మన... లేదు. తెల్ల... వా..."

ఆగింది. ఆ అక్షరం ఏదో నాకు తెలుసు. పాత బండి ఱ. క్యాలెండరు వెనక రాసి చూపించలేదు, మరిచిపోయాను. ఆమె తల ఎత్తి నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. అందిస్తే తీర్పులో నేను వేలు పెట్టినట్టే. ఎవరి చంకలోనో బిడ్డ ఏడ్చింది.

"తెల్లవార..." అంది పార్వతి నెమ్మదిగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "తెల్లవారగనే... యేరు... దాటితిమి."

అందరూ ఈరమ్మ వైపు తిరిగారు. ఆమె కళ్ళు తెరవలేదు.

"ఉండమనలే, పొమ్మనలే. దాటినాడు," అంది చివరికి. "పోతాదంట. శెట్టప్పతో పోతాది."

పార్వతి వేలు ఇంకా ఆ వాక్యం మీదే ఉంది. ఆమె కావాలంటే వేరేలా చదవగలిగి ఉండేది. ఆ పేజీ నేను చూడలేదు. ఆమె చదివింది.

ఈరమ్మ పుస్తకాన్ని ఎర్ర గుడ్డలో కట్టి నా రెండు చేతుల్లో పెట్టింది. తీర్పును ఒప్పుకోకపోవడం కూడా మార్చడంతో సమానమే. తీసుకున్నాను. సంచిలో పెట్టుకున్నాను. మా వంశానికి ఒక వస్తువు తిరిగి రావడం నా జన్మలో అదే మొదలు. చెప్పుకోదగ్గ సంతోషం ఉండవలసింది. ఉంది కూడా. అయితే ముంగిట్లో ఆడవాళ్ళు ఆకులు మడిచి కొంగున కట్టుకుంటున్నారు.

మోకాలామె పార్వతితో, "మరి నేర్చుకొని ఏం లాభమొచ్చెనే?" అంది.

పార్వతి నవ్వింది. నాకు దారిలోకి రొట్టెలు కట్టి తెచ్చి ఇచ్చింది. సంచి అందిస్తూ, "సార్, ఇంట్లో వెతికినా," అంది. "తెలుగులో ఒగ పెండ్లి పత్రిక ఉండాది. అత్త మాత్రల డబ్బీలో చీటీ ఉండాది. ఆ చీటీ రాత్రి చదివినా. ఇంగేమీ లేదు. బళ్ళారిలో ఏమన్నా దొరుకుతాయా?"

దొరుకుతాయని చెప్పాను. బళ్ళారిలో నేనుండేది అద్దెకు తీసుకున్న మేడ గది. ఈ పుస్తకం అక్కడ ఒక ట్రంకు పెట్టెలో, బట్టల కింద ఉంటుంది. నేను పోయాక దాన్ని తెరిచేది ఎవరో నాకు తెలియదు. తెలిసినంత మటుకు తూకం వేసేవాడే.

సంచిలోంచి ఎర్ర మూట తీశాను.

"అమ్మా, ఇది ఇప్పుడు నాది. అవునా?" అని ఈరమ్మను అడిగాను.

"నీదే. ఎవురు కాదన్నారు?"

"నా వస్తువు నాకిష్టమైన చోట పెట్టుకుంటాను. ఇక్కడ పెడుతున్నాను. ఈమె చదవాలి."

మూట పార్వతి చేతిలో పెట్టాను. ఆమె తీసుకుంది. మా ఇంటి నుంచి ఒక వస్తువును ఒకరికి ఇవ్వడం ఎలా ఉంటుందో నేను అంతవరకు ఎరగను. వెల అడగకుండా ఇచ్చాను.

ఈరమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది. "వారెవ్వా శెట్టప్పా! మాది మాకే ఇచ్చి దాతవైతివే! దీనికా బురదలో పడింది?"

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. మోకాలామె అప్పటికే కొంగు ముడి విప్పి, ఆకు తీసి, పార్వతి ముందు చతికిలబడింది. నేను చెప్పులు వేసుకునేసరికి పార్వతి గొంతు మొదలైంది. ఏదో ఊరి సత్రం గురించి, అక్కడి బావి నీళ్ళ రుచి గురించి.

వెళ్ళదలచిన వారికి

బళ్ళారి నుంచి సిరుగుప్పకు బస్సులు ఉన్నాయి, అక్కడి నుంచి ఆటోలు. రేవులో కాళ్ళు కడుక్కోవాలనుకుంటే బండ మీద నిలబడి కడుక్కోండి. తమలపాకులు తొడిమలతో ఉన్నవే తీసుకోండి, సిరుగుప్ప అంగడివాడు తొడిమలు తుంచి ఇస్తాడు, వద్దనండి. పెట్టింది తినండి. అడగవలసిన ప్రశ్న ఏదీ లేకపోయినా ఫరవాలేదు. ఊరికే ఒక పేజీ చదవమన్నా చదువుతుంది.

చదివేటప్పుడు కొన్ని అక్షరాల దగ్గర ఆగుతుంది. మీకు ఆ అక్షరం తెలిసినా అందించకండి. తనంతట తనే దాటుతుంది.